నాతో తెలుగు మానేసిన పెద్దమ్మ

కింద ఇంటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయింది. కాఫీ కలపమని కోడలికి చెప్పి, కుర్చీలో కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయింది. ఆ కబురు ఈ ఊళ్ళో ఉంటున్న మన యానాం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మొదటి జవాబు ఏమొచ్చిందో తెలుసా? "ఎవరూ, ఆ అరవావిడా?" అని. ఆ తర్వాత వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. చదివితే చదవండి, లేకపోతే మానండి.

ఆవిడ అరవావిడ కాదు. ఇక్కడికి దగ్గర్లోని ఏంబలంలో తాతముత్తాతల నుంచి సేద్యం చేసుకునే తెలుగువాళ్ళ ఆడపడుచు. పెళ్ళయి ఇప్పుడు నేనుంటున్న ఈ కదిర్కామం వచ్చి, పాతికేళ్ళు సేదరపేట్ ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు బిగించింది. నేను ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి వాళ్ళ మేడ మీద అద్దెకి దిగిన రోజున, "ఏంది పాపా, యాడ మీ ఊరు?" అంది. "యానామండి" అన్నాను. లోపల మాత్రం, ఇదేం తెలుగురా నాయనా అనుకున్నాను. "అండీ గిండీ వద్దు. పెద్దమ్మా అను" అంది.

వంటింట్లోకి వస్తే చాలు, నా డబ్బాల మూతలన్నీ మళ్ళీ బిగించేది. "మూత సరిగ్గా లేకుంటే లోపలుండేది ఎంత మంచిదైనా చెడిపోతాది పాపా" అనేది. నాకు చిరాకు. ఇల్లు వాళ్ళదైతే నా పప్పు డబ్బా కూడా వాళ్ళదేనా అని గొణుక్కునేదాన్ని.

ఇక ఉగాది సంగతి. మీరంతా మా డాబా మీదకి వచ్చారు, మర్చిపోయామని బుకాయించకండి. పెద్దావిడ చేత పంచాంగంలో నాలుగు ముక్కలు చదివిద్దామన్న తెలివి నాదే. తెలుగు మాట్లాడేవాళ్ళకి తెలుగు చదవడం రాకపోవడమేమిటి అనుకున్నాను. ఆవిడ పుస్తకం అటూ ఇటూ తిప్పి, అక్షరాల మీద వేలు పెట్టి, "ఈ ఎళుత్తు నాకు రాదు పాపా. మా ఇండ్లల్లో ఎవురికీ రాదు. మాట మాత్రం ఉండాది. మా ఊరి నాట్ల పాట పాడతా, వినండి" అంది. పాడింది. నాలుగు తెలుగు మాటలకి రెండు తమిళం మాటలు. ముందు నవ్వింది నేను. ఆ తర్వాతే మీరు. పాట సగంలో ఆగిపోయింది. ఆవిడ గ్లాసులో మిగిలిన ఉగాది పచ్చడి తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. మోటారు వెయ్యమన్నా తమిళమే, చెత్త బండి వచ్చిందన్నా తమిళమే. నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ తెలుగు వినకపోతే నాకేం నష్టం అనుకున్నాను. ఆవిడకి బదులు చెప్పడానికే, కోపంతోనే తమిళం నేర్చుకున్నాను. పోట్లాడాలన్నా భాష కావాలి కదా!

ఇంతలో మా అమ్మ తుంటి విరిగి నా దగ్గరికి వచ్చింది. నేను ఆఫీసుకి పోతే అమ్మకి దిక్కెవరు? పెద్దమ్మే. ఎవరూ పిలవలేదు. రోజూ పదకొండింటికి చారు గిన్నె పట్టుకుని పైకొచ్చేది. ఇద్దరూ తెలుగులో ఒకటే కబుర్లు. నా చెప్పుల చప్పుడు వినపడితే ఆవిడ నోట్లోకి తమిళం వచ్చేసేది. "నాకు సగం అర్థం కాదే. అయినా కడుపు నిండా మాట్లాడుకుంటాం. నువ్వేం చేశావే ఆవిడని?" అంది అమ్మ. చెప్పాను. అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నాట్ల పాట మొత్తం విన్నది మా అమ్మ ఒక్కతే.

ఒకరోజు మెట్ల మీద ఆపి, "పెద్దమ్మా, తప్పయిపోయింది" అన్నాను. నా చెంప నిమిరింది. "సరే, అన్నం తిన్నావా?" అని అడిగింది. తమిళంలోనే. కోపం ఎప్పుడో పోయింది ఆవిడకి. నమ్మకం మాత్రం రాలేదు. ఎప్పటికైనా ఒక్కసారి "ఏంది పాపా" అంటుందని చూశాను. మంగళవారంతో ఆ ఆశ కూడా పోయింది.

మూడో రోజు పరామర్శకి కిందికి దిగాను. లోపల ఆడవాళ్ళు పదిమంది దాకా చాపల మీద కూర్చుని ఆవిడ గురించే, ఆవిడ తెలుగులోనే చెప్పుకుంటున్నారు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే మాట ఆగింది. మళ్ళీ తమిళంలో మొదలైంది. కోడలు మర్యాదగానే చెప్పింది, "మీ ముందు మా మాట మాట్లాడొద్దని అత్త చెప్పింది అక్కా. మీకు నవ్వొస్తుందంట" అని. అదీ తమిళంలోనే.

సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి తిరిగి పైకి పారిపోదామనుకున్నాను. ఇద్దరు జరిగి చాప మీద చోటిచ్చారు. కూర్చున్నాను. నాకొచ్చిన ఆ వంకర తమిళంలోనే ఉగాది నాటి సంగతంతా చెప్పాను. ముందు నవ్వింది నేనేనని చెప్పాను. నోరు తిరక్క, మాట దొరక్క, ఏడుస్తూ, ప్రతి వాక్యం తప్పుగా చెప్పాను. ఆ పదిమందీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకోకుండా చివరిదాకా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు.