ఐలీ కాంగస్ కడుపుమంట

ఐలీ కాంగస్‌కి అసూయ పుట్టుకతో వచ్చింది కాదు. ఇనుప గనుల ఊళ్ళో, పెరట్లో నాన్న (ఆయన పేరు వేన్) గొట్టంతో నీళ్ళు పట్టి గడ్డకట్టించిన మంచు మీద హాకీ ఆడుతూ ఆమె గోలీ, అంటే గోల్‌కి కాపలా కాసే మనిషి, అయింది. ఇద్దరన్నలూ గోల్ కొడతామనే వాళ్ళే, అడ్డం నిలబడే దిక్కు లేదు. ఇంట్లో చిన్నది కాబట్టి తనను నిలబెట్టారు. మొదట్లో ఏడ్చింది. తర్వాత, తాము కొట్టిన పక్కు, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, చెల్లెలి చేతిలో పడ్డప్పుడల్లా అన్నల మొహాలు మాడిపోవడం చూసి రుచి మరిగింది. హైస్కూల్ రోజుల్లో ఐలీ మీద గోల్ కొట్టిన పిల్ల వారం రోజులు ఊళ్ళో గొప్పలు చెప్పుకుని తిరిగేది.

డులూత్ కాలేజీకి వచ్చాక కథ తిరగబడింది. జట్టులో ఇరవైమందికి పైగా ఉన్నా గోల్ ముందు చోటు ఒక్కరికే. మూడేళ్ళు ఆ చోట ఐలీకన్నా పెద్దమ్మాయి ఒకతె నిలబడింది. ఐలీ బెంచీ చివర కూర్చుని, ఆట మధ్యలో మంచు మీంచి బెంచీకొచ్చే వాళ్ళకి తలుపు తీసింది, నీళ్ళ సీసాలు అందించింది. రెండో గోలీ బతుకంటే అదే. ఆ పెద్దమ్మాయి మీద ఆమెకు ఏడుపేమీ లేదు. వరస ప్రకారం ఆవిడ వెళ్తుంది, తనొస్తుంది. నాలుగో ఏడు నాదేనని ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. ఆటలన్నీ చూడాలని వేన్ గనిలో షిఫ్టులు మార్చుకున్నాడు.

ఆ సెప్టెంబరులో మారెన్ ట్వైట్ ఊడిపడింది. పద్దెనిమిదేళ్ళది, చక్కెర దుంపల రైతు కూతురు. బస్సెక్కితే నోరు తెరుచుకుని నిద్రపోయేది. రెండు కాళ్ళకీ ఒకే రంగు మేజోళ్ళు వేసుకొచ్చిన రోజు లేదు. గోల్ ముందు నిలబడిందంటే మాత్రం పక్కు ఆమె చేతిని వెతుక్కుంటూ వచ్చేది. ఐలీని జట్టు ‘కాంగీ’ అని ముద్దుగా పిలవడానికి ఏడాది పట్టింది. ఈ పిల్ల రెండో వారానికే ‘ట్వైటీ’ అయిపోయింది. మొదటి ఆటకి గోడ మీది జాబితాలో కోచ్ లిండ్‌గ్రెన్ ఆమె పేరే రాసింది. రెండో ఆటకీ అంతే. మూడో ఆటకి పేరు చూడ్డానికి గోడ దగ్గరికి వెళ్ళడమే మానేసింది ఐలీ.

అక్కణ్ణుంచి ఐలీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. మారెన్ కొత్త ప్యాడ్లు చూస్తే ఒళ్ళు మండేది. మారెన్ నవ్వితే మండేది. ఆమె మీద గోల్ పడితే నీళ్ళ సీసా నోటికి అడ్డం పెట్టుకుని, ఆ చాటున నవ్వుకునేది. గోల్ పడింది తన జట్టు మీదేనన్న సంగతి తర్వాత గుర్తొచ్చి సిగ్గుపడేది. ఆట అయ్యాక వేన్ పార్కింగులో కూతురి బ్యాగు అందుకుంటూ, “తలుపు బాగా తీశావమ్మా” అనేవాడు. కూతుర్ని నవ్వించాలని పాపం ఆయన తాపత్రయం. ఐలీ నవ్వేది. కార్లో హాస్టల్‌దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది.

ఆట మొదలయ్యే ముందు జట్టంతా ఒక్కొక్కరే వచ్చి గోలీ కాళ్ళ ప్యాడ్ల మీద స్టిక్‌తో తట్టి పోతారు. చివర తట్టేది రెండో గోలీ. అక్టోబరులో ఒకసారి ఐలీ రెండు ప్యాడ్లూ తట్టి, కుళ్ళు ఆపుకోలేక హెల్మెట్ నడినెత్తిన కూడా ఒకటి వేసింది. ఆ రోజు మారెన్ ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. ఇంకేముంది, ఎడమ ప్యాడు, కుడి ప్యాడు, నెత్తి. ప్రతి ఆటకీ ఐలీయే కొట్టాలి. గెలుస్తున్నంత కాలం హాకీ వాళ్ళు మాసిన బనీను కూడా ఉతకరు, ఇక ఇలాంటిది వదులుతారా? ఐలీ కోపంతో వేసిన దెబ్బ ఆ పిల్లకి దీవెనై కూర్చుంది.

మార్చిలో జట్టు దేశం మొత్తానికి మిగిలిన నాలుగు జట్లలో ఒకటైంది. టోర్నమెంటు మినియాపోలిస్‌లో. శుక్రవారం సెమీఫైనల్ గెలిచారు. మర్నాడు పేపర్లో మారెన్ ఫొటో సగం పేజీ వేశారు. ఫలహారం బల్ల దగ్గర అందరూ దాన్ని చేతులు మార్చుకుని చూశారు. ఐలీ చేతికొచ్చినప్పుడు ఆమె దాని మీద కాఫీ కప్పు పెట్టింది.

ఆదివారం ఫైనల్. ఐలీకి అదే ఆఖరి ఆట, ఆ తర్వాత హాకీ లేదు. అందరూ తట్టి వెళ్ళాక ఐలీ వచ్చింది. ఎడమ ప్యాడు తట్టింది, కుడి ప్యాడు తట్టింది. మారెన్ తల వంచి నిలబడింది. ఐలీ చూడనట్టు తిరిగి బెంచీకి వెళ్ళిపోయింది.

మూడు పీరియడ్ల ఆటలో మొదటిదాంట్లోనే రెండు గోల్స్ పడ్డాయి. రెండూ చిన్నపిల్లలు కూడా ఆపేవే. రెండోదైతే కాళ్ళ సందులోంచి నింపాదిగా పోయింది. ఆ రెండు సార్లూ మారెన్ బెంచీ వైపు చూసింది. ఐలీ నీళ్ళ సీసా పైకెత్తింది, కానీ ఈసారి నవ్వు రాలేదు.

విరామంలో కోచ్ ఐలీని నడవాలోకి పిలిచింది. “ఆ పిల్ల పనైపోయిందంటావా? నాకంటే నీకే బాగా తెలుసు. అయిపోయిందంటే చెప్పు, నిన్ను దింపుతాను.”

నాలుగేళ్ళుగా కోరుకున్నది నోటిదాకా వచ్చింది. అయిపోయింది అంటే చాలు. పైగా అందులో అబద్ధమేమీ లేదు. ఐలీ ఒక్క నిమిషం అడిగి లోపలికెళ్ళింది. మారెన్ మూల కూర్చుని ఉంది. గ్లోవు తొడుక్కోబోయి రెండుసార్లు జారవిడిచింది.

“నువ్వు నా నెత్తిన కొట్టడం మర్చిపోయావు కాంగీ” అంది మారెన్. హెల్మెట్ పెట్టుకుని, అందరి ముందూ తల వంచింది.

అంత నమ్మకంగా వంగిన తలను చూసి ఐలీకి ఏడుపొచ్చింది. అసూయ తగ్గి కాదు, రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఆ తలను అలా వదిలేసి తను వెళ్ళి గోల్ ముందు నిలబడితే, అది తన చోటు కాదు, దొంగిలించిన చోటు. స్టిక్ తీసుకుని, ఆర్నెల్ల కడుపుమంటా కలిపి ఒక్కటిచ్చింది. గదంతా ఠంగుమంది. మారెన్ తల రుద్దుకుంటూ నవ్వింది. గ్లోవులు ఒక్కసారికే తొడుక్కుంది. ఐలీ నడవాలోకి వెళ్ళి, “పిల్ల బాగానే ఉంది, దాన్నే పంపండి” అని చెప్పింది.

ఆ తర్వాత మారెన్ మీద ఒక్క గోల్ పడలేదు. మూడు రెండుతో గెలిచారు. జట్టంతా వెళ్ళి మారెన్ మీద కుప్పగా పడింది. అందరికన్నా వెనక చేరింది ఐలీ. మారెన్ ఆ కుప్పలోంచి పాక్కుంటూ బయటపడి, ఆమె మెడ చుట్టూ చేతులేసి, చెవి దగ్గర నోరు పెట్టింది.

“నువ్వు మర్చిపోలేదని, కావాలనే వదిలేశావని నాకు తెలుసు. నీ చోట నేనుంటే నెత్తిన కొట్టడం అక్టోబరులోనే మానేసేదాన్ని.”

పట్టుబడినందుకు ఐలీకి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ మండింది. గోల్ ముందు గెలిచింది చాలదన్నట్టు, మంచితనంలో కూడా ఈ పిల్లదే గెలుపు. ఐలీ ఆమెను గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కప్పు గెలిచిన ఆనందమనుకుని గ్యాలరీలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.