మధ్యాహ్నం రెండు దాటాక

1974 ఏప్రిల్‌లో నన్ను విజయవాడకు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. కుటుంబ నియంత్రణ పథకం కింద రాయితీ ధరకు వచ్చే నిరోధ్ కండోమ్‌లను ప్రైవేటు మందుల షాపుల ద్వారా కొత్తగా పెళ్లయినవాళ్లకు చేర్చడం మా పని. ఇబ్రహీంపట్నం నుంచి గన్నవరం దాకా నా లైను. ఒక షాపుకు వెళ్లి చూసి రావడాన్ని 'కాల్' అనేవాళ్లం. వరుసగా మూడు కాల్స్‌లో కౌంటరు మీది డిస్‌ప్లే పెట్టెలో సరుకు కదలకపోతే అది 'డెడ్ కౌంటర్'. ఆ షాపును లిస్టులోంచి తీసేయమని రాయాలి. తీసేస్తే హోల్‌సేల్ షాపు కూడా వాళ్లకు ఈ సరుకు ఇవ్వదు.

భవానీపురంలో రాజ్యలక్ష్మి గారి షాపు అలాంటిదే అనుకున్నాను. ఆవిడ డిప్లొమా చదివిన ఫార్మసిస్టు, కౌంటర్లో ఆవిడే కూర్చునేవారు. ఆడమనిషి దగ్గర మగవాళ్లు ఈ సరుకు ఎలా అడుగుతారని రిపోర్టులో రాశాను కూడా. జూన్ ఆరున పొద్దున్నే దాన్ని మద్రాసు ఆఫీసుకు పోస్టు చేసి, ఆ సంగతి ఆవిడకు ముఖాముఖి చెప్పడం మర్యాదని మధ్యాహ్నం బయల్దేరాను.

షట్టరు సగం దించి ఉంది. ఎండన పడి వచ్చారంటూ ఆవిడ నన్ను లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. నేను బీరువాల వెనక ఉండగానే చంకలో పసిబిడ్డతో ఒకమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, రెండేళ్ల దాకా ఇంకో కాన్పు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పిందట.

"మీ ఆయన్ని పంపమన్నాను కదమ్మా?"

"ఆయన రాడండీ. చేపల మార్కెట్లో ఊరంతా వినబడేలా అరుస్తాడు. ఇక్కడికి రమ్మంటే మాత్రం నోరు పెగలదు."

"నీకు సిగ్గు లేదా మరి?"

"ఉందండీ. కనాల్సింది నేను గదా."

రాజ్యలక్ష్మి గారు నవ్వి, వాడే పద్ధతి విడమరచి చెప్పారు. ఇంట్లో అత్తగారి కంట పడకుండా ప్యాకెట్లను ఖాళీ గ్రైప్‌వాటర్ అట్టపెట్టెలో సర్ది ఇచ్చారు.

"దిండు కింద పెట్టేసి ఊరుకోకు, నోరు తెరిచి చెప్పు. లేకపోతే తలనొప్పి బిళ్లలనుకుంటాడు."

"చెప్తానండీ. అయిపోతే మళ్లీ ఇక్కడే దొరుకుతాయి కదండీ?"

"ఎప్పుడూ ఉంటాయి. రెండు దాటాక రా."

ఆ మాట నిలవకుండా చేసే కాగితం నేను పొద్దున్నే పోస్టులో వేసి వచ్చాను. ఆ అమ్మాయి వెళ్లాక సంగతంతా చెప్పాను. ఆవిడ కోపగించుకోలేదు. కౌంటరు కింద సొరుగు లాగి ఖాళీ కార్టన్లు చూపించారు. సరుకు హోల్‌సేల్ షాపు నుంచి ఆవిడే తెప్పించుకునేవారు. ఆ వివరాలు మా ఆఫీసుకు మూడు నెలలకోసారి గానీ చేరవు.

"పైన పెట్టిన పెట్టె మీ కోసమండీ. కొనేవాళ్లు దాని వంక కూడా చూడరు," అన్నారు.

డైరీ తిరగేశాను. నా మూడు కాల్స్ పొద్దున పదింటికో సాయంత్రం ఆరింటికో జరిగాయి. ఆడవాళ్లు ఇంటిపనులు ముగించుకుని, వీధి సద్దుమణిగాక వచ్చే వేళకు నేను ఒక్కసారీ వెళ్లలేదు.

అటునుంచి అటే తంతి ఆఫీసుకు వెళ్లి, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని టెలిగ్రాం ఇచ్చాను. వెంటనే వివరంగా ఉత్తరం రాశాను. షాపు లిస్టులో నిలిచింది. విచారించకుండా రిపోర్టు పంపినందుకు నా పర్సనల్ ఫైల్లో ఒక మెమో చేరింది. అది న్యాయమే.

ఆ తర్వాత నా సర్వీసులో, మధ్యాహ్నం రెండు దాటాక ఒక్క కాల్ అయినా చేయకుండా ఏ షాపునూ డెడ్ కౌంటర్ అని రాయలేదు.