ఒర్తాన్స్ సగం చెంప

మోంమార్త్ర్ కొండ మీద మా మేడలో నా ఎదురుగది ఒర్తాన్స్‌ది. ఇస్త్రీ పని. ఊళ్లోవాళ్ల చొక్కాలు రుద్ది రుద్ది సాయంత్రానికి మోచేతులు వాచేవి. మంచం పైన గోడకు ఆవిడ బొమ్మ ఉండేది. ఎవారిస్ట్ అనే పెయింటరు వేసిన బొమ్మ. నుదురు నారింజ రంగు, మెడ ఆకుపచ్చ, జుట్టు నీలం. ఎడమ చెంప సగానికి రంగే లేదు, వట్టి గుడ్డ.

అది వేసిన వేసవిలో ఇద్దరూ ఆ గదిలోనే కాపురం. తర్వాత అతను దక్షిణాన సముద్రం మీది వెలుగు చూడాలని రైలెక్కాడు. "చెంప పూర్తి చెయ్యడానికైనా వస్తాడు" అనేది ఒర్తాన్స్. అతనికి వెలుతురు కావాలని కిటికీకి తెర కూడా కట్టలేదు. ఐదేళ్లు ఆ ఎండా, ఆ చలీ ఆవిడే భరించింది. ఇలాంటి బొమ్మల ముందు నిలబడి ప్రేమ గురించి గంటలు మాట్లాడేవాళ్లను చూశాను. ఆ చెంప ఎవరిదని ఒక్కడూ అడగడు.

కింద బొగ్గూ సారా అమ్మే కూడేర్, భార్య పోయినవాడు, పెళ్లాడతానని అడుగుతూనే ఉన్నాడు.

"ఏమ్మా, మీ పెయింటరు ఇంకా సముద్రం రంగు ఎంచుతూనే ఉన్నాడా?" అన్నాడోసారి, బొగ్గుబుట్ట దింపుతూ.

"ఎంచనీ. నీలాగా ఒక్క నలుపుతో సరిపెట్టుకునే మనిషి కాదులే."

"నలుపైతేనేం, నీ పొయ్యి వెలిగేది దాంతోనే."

నవ్వింది. తలుపు మాత్రం వేసేసింది.

మొన్న మార్చిలో బొమ్మల వర్తకుడు గిబెర్ మెట్లెక్కి వచ్చాడు. ఎవారిస్ట్ బొమ్మలకు ఇప్పుడు గిరాకీ.

"ఇది ఇవ్వనండి. సగంలో ఉంది, ఆయనొచ్చి పూర్తి చెయ్యాలి" అంది.

"సగమేంటమ్మా? గుడ్డ అలా వదిలెయ్యడం ఈ కొత్తరకం పెయింటర్ల పద్ధతి. అక్కడ ఎండ పడిందన్నమాట. కింద సంతకం చూడండి. పనైపోతేగానీ చెయ్యరు."

"వెళ్లేరోజు పొద్దున రాశాడు. నాకోసం అనుకున్నాను."

గిబెర్ ఇబ్బందిగా టోపీ తిప్పుకున్నాడు.

"అంటే ఇక్కడ ఆయనకి పనేం మిగల్లేదా?"

"లేదమ్మా."

"తీసుకుపోండి."

బొమ్మ మెట్ల కిందికి దింపడానికి నేనూ ఓ చెయ్యి వేశాను. తిరిగి పైకి వచ్చేసరికి ఒర్తాన్స్ బూట్లతోనే మంచం మీద పడుకుని ఉంది.

"వస్తానని ఆయన చెప్పలేదురా. నేనే అనుకున్నాను" అంది.

"కింద కూడేర్ నీ సంగతి అడిగాడక్కా. ఏం చెప్పను?"

"రేపు అడగమను. ఇవాళ ఒళ్లంతా నొప్పులు. ఆ కిటికీకి ఏదైనా దుప్పటి కట్టిపో, వెలుగు కళ్లలో పడుతోంది."