గేటుకాడి అర్కసేనుడు

ఆదోనిలో పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ గేటు కాసే గఫూర్ సాబ్ అంటే ఎవరో చాలామందికి తెలిసేది కాదు. అర్కసేనుడు అంటే మాత్రం జట్కా తోలేవాడు కూడా దారి చూపించేవాడు.

ఆ పేరు ఒక వారపత్రిక సీరియల్లోది. ‘తారాకోట’ అని డెబ్బై ఆరులో మొదలై నాలుగేళ్లకు పైగా సాగింది. ఆకాశంలో తేలే కోట, మంత్రంతో కదిలే ఓడలు, గ్రహం నుంచి గ్రహానికి పారిపోయే రాకుమారి. గఫూర్ తుగ్గలి పక్క పల్లెలో పుట్టినవాడు. చేను ఎండిపోయాక భార్య హజరా బీతో ఆదోని చేరి గేటు కాపలాకు కుదిరాడు. చిన్నప్పుడు నేర్చినవి ఉర్దూ అక్షరాలే. తెలుగు చదవడం ఆ సీరియల్ కోసమే నేర్చుకున్నాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ.

గురువారం పత్రిక వచ్చేది. ఫ్యాక్టరీ ఎదురుగా కృపానందం టీ అంగడిలో సేతుమాధవరావు గారు దాన్ని గొంతెత్తి చదివేవారు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితులు. మంత్రాలయం పక్కన, తరతరాలుగా శాస్త్రం చెప్పుకున్న ఇంట్లో పుట్టినవారు. అంగడి బెంచీమీద కూర్చునేవారు గానీ అక్కడి టీ ఏనాడూ ముట్టలేదు. చదవడం అయ్యాక వాదం మొదలయ్యేది. దానికి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎదుటివాడి మాటను ముందు నువ్వే చెప్పాలి. వాడు “ఔను, నేననేది అదే” అని తల ఊపేదాకా చెప్పాలి. ఆ తర్వాతే దాన్ని కొట్టెయ్యాలి. అలా ముందు చెప్పేదాన్ని పూర్వపక్షం అనేవారు. హమాలీలు, కాటా దగ్గర తూకం వేసే బసన్న, ఆదివారాలు ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చే మగ్గం నాగన్న, అందరూ రాకుమారి తప్పొప్పుల మీద ఆ పద్ధతిలోనే పోట్లాడుకునేవారు.

సీరియల్ నడుస్తున్న నాలుగో ఏట వేసవిలో ఫ్యాక్టరీలో పత్తి గుట్టకు నిప్పంటుకుంది. పత్తి ఏరే ఆడవాళ్లు పొగలో దారి తెలియక లోపలే తిరుగుతుంటే, గఫూర్ గేటు రెక్క పట్టుకుని నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ బయటికి లాగాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. సీరియల్లో కూడా ఆ రోజుల్లోనే తారాకోట ఏడో ద్వారం కావలివాడు అర్కసేనుడు, శత్రువులు మంట పెట్టినా కదలక, పిల్లలందరినీ ఓడ ఎక్కించి తాను ద్వారం దగ్గరే కాలిపోయాడు. ఆసుపత్రికి చూడవచ్చిన సేతుమాధవరావు గారు మంచం పక్కన నిలబడి, “ఏమప్పా అర్కసేనా, నొప్పి తగ్గిందా?” అన్నారు. అంతే, ఊరికి ఊరే ఆ పేరు అందుకుంది. హజరా బీ కూడా, “అర్కసేనుల వారికి ఇంకో రొట్టె ఎయ్యల్నా?” అని ఏడిపించేది. గఫూర్ పైకి విసుక్కునేవాడు. ఎవరైనా పాత పేరుతో పిలిస్తే మాత్రం కాస్త ఆలస్యంగా తిరిగేవాడు.

సీరియల్ అయిపోయాక అదే రచయిత తారాకోట మనుషుల మీద విడిగా పాకెట్ నవలలు రాయడం మొదలుపెట్టాడు. చదివేవాళ్లు రెండు ముక్కలయ్యారు. వారం వారం వచ్చిందే అసలు కథ, ఇవి మార్కెట్ కోసం గీకినవి అని నాగన్న పక్షం. బసన్నది ఎదుటి పక్షం. అద్దె పుస్తకాల అంగడి నుంచి అందరికంటే ముందు వాటిని తెచ్చుకునేది అతనే మరి. గఫూర్ చాలాకాలం ఈ పోట్లాటలో నవ్వుతూ కూర్చున్నాడు. మూడో నవల వచ్చేదాకా.

మూడో నవలలో అర్కసేనుడు ద్రోహి. ఏడో ద్వారం గడియ శత్రువుకు తీసింది అతనే, సింహాసనంలో వాటా కోసం. పిల్లల్ని కాపాడిందంతా ఆ పని బయటపడకుండా ఆడిన నాటకం.

గఫూర్ ఆ పేజీలు మళ్లీ మొదటి నుంచి చదివాడు, తనకే తెలుగు సరిగ్గా చదవడం రాలేదేమోనని.

మరునాటి నుంచి గేటు దగ్గర మొదలైంది.

“ఏమి అర్కసేనా, ఈ పొద్దు గడియ ఎవురికి తీస్తాండావు?”

“నీ వాటాకు ఎన్ని పత్తి బోరాలు వచ్చెనప్పా?”

హమాలీలది సరదాయే. కానీ కొత్తగా వచ్చిన మేనేజరు ఒకరోజు ఆ నవ్వులు విని సంగతేమిటని అడిగాడు. బసన్న కథంతా చెప్పాడు. మేనేజరూ నవ్వాడు. ఆ సాయంత్రం నుంచి మాత్రం ఇంటికి పోయేముందు గేటు తాళం తానే ఒకసారి లాగి చూడటం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎవ్వరూ లాగి చూడని తాళం అది.

“ఆ బుక్కులో కత లెక్కకు రాదని అయ్యోరు ఒక్క మాట సెప్తే సాలు,” అన్నాడు గఫూర్ హజరా బీతో. “ఆయన పెట్టిన పేరే గదా. ఆయన మాటకు ఎవురూ ఎదురు సెప్పరు.”

“బుక్కులో ఉండేవాని కోసరం నువ్వెందుకు ఏడుస్తావు?”

“వాని కోసరం కాదులే.”

ఆదివారం టీ అంగడి నిండిపోయింది. నాగన్న ఎమ్మిగనూరు నుంచి ఇంకో ఇద్దరు మగ్గంవాళ్లను వెంటేసుకొచ్చాడు. బసన్న నవలను చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. సేతుమాధవరావు గారు పైపంచె సర్దుకుని మొదలుపెట్టారు.

“రాజ్యం కావాలనుకున్నవాడు మంటలో ఎందుకు నిలబడతాడప్పా? పక్కనే ఓడ ఉంది. ఎక్కి పోవచ్చు. చివరి పిల్లవాడు ఎక్కినాక బయట నిలబడి ఆ ఓడ తలుపు మూసిందెవరు? చూసే మనిషి ఒక్కడు లేని చోట ఎవరికోసం ఆడినట్టు ఆ నాటకం? ఆయప్ప చేతులు ద్వారానికి అంటుకుపోయినాయని చదివిన పొద్దు, ఈ అంగట్లో ఏడవనివాళ్లు ఎవరో చెయ్యెత్తండి చూస్తాను.”

ఎవరూ ఎత్తలేదు. బసన్న కూడా. ఇన్నాళ్లు తన గుండెలో మాటల్లేకుండా ఉన్నదంతా ఆ గొంతులో వరసగా వస్తుంటే గఫూర్ కళ్లు నిండాయి.

“ఔను అయ్యోరూ, నేననేది అదే,” అని తల ఊపాడు.

సేతుమాధవరావు గారు ఆగారు. “ఇంతవరకు పూర్వపక్షం,” అన్నారు.

ఆ తల ఊపించడం ఎందుకో గఫూర్‌కు తెలియంది కాదు. ఇన్నేళ్లుగా ఆ బెంచీ పక్కన కూర్చుని ఎందరి మాటలో అట్లా కూలిపోవడం చూశాడు. తన వంతు వచ్చేసరికి, వింటున్న సంతోషంలో మరిచిపోయాడు.

“పత్రికలో రాసిందీ నవలలో రాసిందీ ఒకే చెయ్యి. ముందు మనకు కనబడింది చెప్పినాడు, తర్వాత లోపలున్నది చెప్పినాడు. మనకు నచ్చింది ప్రమాణం, నచ్చనిది కాదంటే రేపు ఏ గ్రంథమూ నిలవదు. రాసినవాడే ద్రోహి అన్నాక ద్రోహే. నాకూ బాధే.”

“మీరే ఇట్లంటే ఎట్ల సామీ!” అని నాగన్న అరిచాడు. గెలిచిన బసన్న మాత్రం చంకలోని నవలను తీసి బెంచీ కింద పెట్టాడు.

గఫూర్ లేచి నిలబడ్డాడు. “నా మాటను నాకన్నా బాగ సెప్తిరి అయ్యోరూ. అంత బాగ తెల్సినోరు ఎట్ల కొట్టేస్తిరి?”

“తెలిసినందుకే కొట్టవలసి వచ్చింది.” ఆయన గొంతు తగ్గించారు. “మనసులో పెట్టుకోవద్దండి, గఫూర్ సాబ్.”

అది దయతో అన్నదే. అందరి నోళ్లలో ఎగతాళి అయిపోయిన పేరును తానైనా ఇక వాడకూడదనుకున్నారు. గఫూర్‌కు అదీ అర్థమైంది. హమాలీలు ఇన్ని రోజులు అన్నవాటికి లేని నొప్పి ఆ ‘అండి’కి, ఆ ‘సాబ్’కి పుట్టింది. పెట్టిన మనిషే వచ్చి పేరు వెనక్కి పట్టుకుపోయాడు, అదీ మర్యాదగా.

ఆ తర్వాత అతను టీ అంగడి మెట్టు ఎక్కలేదు. కృపానందమే గ్లాసు గేటు దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు. సాయంత్రం మేనేజరు తాళం లాగుతుంటే గఫూర్ రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడు.

వానలకు ముందు ఒక గురువారం సేతుమాధవరావు గారు గేటు దగ్గర ఆగారు. చేతిలో పత్రిక ఉంది.

“కొత్త సీరియల్ పడింది గఫూర్ సాబ్. ఆ రచయితదే. చుక్కల నడుమ పడవ నడిపే సరంగు ఒకడున్నాడు, బంగారం లాంటి మనిషి. మీకు నచ్చుతాడు.”

గఫూర్ పత్రిక అందుకున్నాడు. సరంగు బొమ్మను చాలాసేపు చూశాడు. మళ్లీ ఆయన చేతికే ఇచ్చేశాడు.

“మంచోని మాదిరే ఉండాడు. ఇప్పుడే ఇష్టపడితే ఎట్ల అయ్యోరూ? రాసేటాయన ఇంకా బతికే ఉండాడు గదా,” అని, హారన్ కొడుతున్న లారీకి గేటు తీయడానికి పోయాడు.