లారీకి సరిపోయే మంచం

హైదరాబాదులో లింగంపల్లి స్టేషన్ దగ్గర మేం కొన్నది ఒక గది, ఒక వంటిల్లు. మంచం వేస్తే నడవడానికి చోటుండదు. అందుకే నేల మీద సుద్దముక్కతో గీసుకున్నాను: పగలు గోడలోకి మడిచేసే మంచం, కిటికీ కింద సామాన్లు పట్టే అరుగు, వంటింటి గోడకి మడత బల్ల. ఆఫీసు నుంచి రాగానే ఆ గీతల మధ్య కూర్చుని టీ తాగేదాన్ని. నాదంటూ ఉన్న మొదటి ఇల్లు అది.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. గుంటూరు నుంచి బావగారు ఫోన్ చేశారు. "గోడకి ఒక్క మేకు కొట్టకండి. రాష్ట్రం విడిపోతే రాత్రికి రాత్రి లారీ ఎక్కాల్సొస్తుంది." మా ఆయనకి అన్నగారి మాటంటే వేదవాక్కు. నేను ఆఫీసులో ఉండగా వడ్రంగికి చెప్పేశారు, అన్నీ విప్పి పట్టుకుపోయేలా బోల్టులతో చెయ్యమని.

గోడ ఆసరా లేని మడత మంచం దింపగానే ముందుకు తూలింది. తూలకుండా కింద ఇంత లావు చెక్క పీఠం వేయించారు. సగం గది దానికే పోయింది. దానికి కాలివేలు తగిలిన ప్రతిసారీ ఒళ్ళు మండిపోయేది. ఉండేది మేం, పెత్తనం బావగారిది.

ఒక బంద్ రోజు పాలు దొరకలేదు. కింది ఫ్లాట్‌లో ఉండే వరంగల్ ఆవిడ తన పాలల్లో సగం గిన్నెలో తెచ్చింది. గదంతా చూసింది.

"గిదేంది, అన్నీ బోల్టులే? యాడికన్న పోతున్నరా?"

"రేపు మీవాళ్ళు ఉండనిస్తారో లేదోనని, మా అన్నయ్య..." అని నసిగారు మా ఆయన.

"మిమ్ముల పొమ్మని నేనేమన్న అన్ననా?" అని గిన్నె అక్కడే పెట్టి, కూర్చోకుండా వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ పాలతోనే టీ పెట్టమన్నారు. గిన్నె తీసి విసరాలనిపించింది. భయం ఆయనది, తలవంపులు నాకూనూ.

మర్నాడు సెలవు పెట్టి వడ్రంగిని పిలిచాను. పీఠం కోయించి, మంచాన్ని గోడకి బిగించమన్నాను.

"అన్నయ్య ఏమంటాడో" అన్నారు మా ఆయన.

"ఆయన్నే వచ్చి ఈ పీఠం పక్కన కాపురం చెయ్యమనండి" అన్నాను.

డ్రిల్లింగ్ చప్పుడుకి కిందావిడ పైకొచ్చింది, గిన్నె కోసమంటూ. మంచాన్ని అరచేత్తో నొక్కి చూసింది. "జర గట్టిగ బిగియ్యమను" అని, దాని మీదే కూర్చుంది.

సాయంత్రం బావగారు ఫోన్ చేసి, పరిస్థితి బాగాలేదని, సామాన్లు సర్దుకోమన్నారు. మా ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

"మంచం గోడకి బిగించేశాం బావగారూ. లారీ పంపేటట్టయితే గోడ కూడా పట్టేది చూడండి."