అమ్మ స్కాన్ తెరుచుకోని మధ్యాహ్నం

లాల్‌దర్వాజాలో మా ఇంటి బాత్రూంలో అమ్మ జారిపడింది. తల గోడకు గట్టిగా తగిలింది. నేను కంప్యూటర్లు చూసుకునే ఆసుపత్రికే ఆటోలో తీసుకెళ్లాను. స్కాన్ తీశారు. తలలో రక్తం గడ్డకట్టి ఉంటే వెంటనే ఆపరేషన్ చేయాలి. ఆ సంగతి తేల్చాల్సిన డాక్టరు తెర ముందు ఊరికే కూర్చున్నాడు. బొమ్మలు తెరుచుకోవడం లేదు.

"సర్వర్ చూసేది నువ్వే గదా, ఏందిది?" అన్నాడు.

స్కాన్లన్నీ దాచే సర్వర్ గదికి పరుగెత్తాను. మెమరీ మొత్తం నిండింది, స్వాప్ కూడా నిండుతోంది. మెమరీ అంటే వంటింటి గట్టు. అక్కడ చోటు చాలనప్పుడు సామాన్లు ఎక్కించే అటక స్వాప్. అది డిస్కులో ఉంటుంది. ప్రతి గరిటెకూ నిచ్చెనెక్కి దిగుతుంటే వంట ఎప్పటికి అయ్యేను? ఇంకొంత మెమరీ కొనండి మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా, స్వాప్ పెంచు చాలన్నారు ఆసుపత్రి పెద్దలు. ఇప్పుడు సర్వర్ ఆగదు, నడవదు. వాళ్లను తిట్టుకుంటూనే కీబోర్డు ముందు కూర్చున్నాను. రీస్టార్ట్ చేద్దామంటే అది లేచేదాకా ఎవరి స్కానూ కనిపించదు. ఐసీయూలో ఇంకెవరి తల్లి ఉందో.

ఇంత మెమరీ ఎవరు తింటున్నారా అని చూశాను. రిసెప్షన్, వార్డు, మందుల కౌంటరు, ఎక్స్‌రే గది... అన్నిచోట్లా ఒకటే స్కాన్ తెరిచి ఉంది. అది అమ్మది. మా దగ్గర అందరిదీ ఒకటే పాస్‌వర్డ్, ఎవరైనా ఏ స్కానైనా తెరవొచ్చు.

రిసెప్షన్‌లో ఉండే అక్కకు ఫోన్ చేసి అడిగాను.

"మీ అమ్మ గదన్నా, మస్తు ఫికరైంది. ఏమైందో చూద్దామని అందరం తెరిచినం. వస్తలేదని మళ్ల మళ్ల నొక్కుతున్నం."

నొక్కిన ప్రతిసారీ ఆ వందల బొమ్మలూ మళ్లీ మొదటినుంచి మెమరీలోకి ఎక్కుతున్నాయి. కోపం వచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

"దండం పెడ్త అక్కా, అందర్ని బంద్ చెయ్యమనుండ్రి. డాక్టర్ సాబ్ ఒక్కడు చూస్తే చాలు."

ఆమె వెంటనే అన్ని గదులకూ ఫోన్లు చేసింది. కాసేపటికి మెమరీ ఖాళీ అయింది. నేను డాక్టరు గదికి వచ్చేసరికి బొమ్మలు కదులుతున్నాయి. ఆయన పైనుంచి కిందికి చూసి, మళ్లీ మొదటికి వెళ్లాడు.

"రక్తం గడ్డకట్టలేదు. ఆపరేషన్ అవసరం లేదు."

వెనక్కి తిరిగితే, ఫోన్లలో మాట విన్న వాళ్లంతా గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఏమన్నరు భాయ్?" అని అడిగారెవరో. నేను కళ్లు తుడుచుకుంటున్నాను. డాక్టరే తెరను వాళ్ల వైపు తిప్పాడు.

"రాండ్రి, అందరు దీంట్లనే చూడుండ్రి."