సుమేరు కథ మొదలుపెడితే వినాయకులు వెలిశారు

పెళ్ళికి ముందు అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో అద్దెకుండిన ఆ రోజుల్లో నేనొక మహా పండితుణ్ణని నాకు గట్టి నమ్మకం. పగలు ఒక మందుల కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేవాణ్ణి, సాయంత్రమైతే లైబ్రరీలో వాలేవాణ్ణి. చరిత్ర ఏ కాలేజీలోనూ చదవలేదు. (ఇంటర్‌లో ఎంపీసీ, ఆ పైన ఇంజనీరింగు. ఇంకో దారి ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.) అందుకే కాబోలు, చదివిన ప్రతి ముక్కా ఎవరికో ఒకరికి చెబితే గానీ నాకు తిన్నది అరిగేది కాదు. ఆ ఏడాది నా నెత్తికెక్కింది క్యూనిఫాం లిపి. అయిదు వేల ఏళ్ళ కిందట, ఇప్పుడు ఇరాక్ ఉన్న చోట, సుమేరు జనం తడి మట్టి పలకల మీద రెల్లు పుల్లతో నొక్కి రాసిన మేకుల్లాంటి రాత.

నా మొదటి శ్రోత నా రూమ్మేట్. కరీంనగర్ మనిషి, ఊరందరికీ బావ. అతను వంకాయలు తరుగుతుంటే నేను పక్కన నిలబడి, మనిషి మొట్టమొదట రాసింది కవిత్వం కాదనీ, గుడి కొట్టులోకి ఎవరు ఎన్ని గొర్రెలు తోలారు, ఎంత బార్లీ కొలిచారు అన్న లెక్కలనీ చెప్పేవాణ్ణి. అంతకు ముందు మట్టితో చిన్న చిన్న గోళీలూ బిళ్ళలూ చేసుకునేవాళ్ళట. ఒక రకం బిళ్ళ గొర్రెకు గుర్తు, ఇంకో రకం బార్లీకి. పోనుపోను వాటిని దాచుకునే బదులు పలక మీద వాటి గుర్తులు నొక్కడం మొదలుపెట్టారు, అదే ముదిరి లిపి అయిందని చాలామంది పండితులు అంటారు. నేను ఊపిరి తిప్పుకోకుండా ఇదంతా చెబితే బావ, "గంతే గదరా, ఎక్సెల్ షీటన్నట్టు. దీనికింత కథేంది?" అని వంకాయలు పోపులో వేశాడు.

విసిగిపోయి లైబ్రేరియనమ్మ దగ్గరికి వెళ్ళాను. తెల్లజుట్టు, మెడలో కళ్ళద్దాల గొలుసు, ఎవరేం చెప్పినా శ్రద్ధగా వినే మనిషి. "ముందు పిల్లలకు ఒక గంట చెప్పి చూపించండి. బాగా జరిగితే పెద్దవాళ్ళకు పెట్టే ఉపన్యాసాల్లో ఒక సాయంత్రం మీకిస్తాను," అంది. ఆ సాయంత్రం మీదే నా ప్రాణమంతా. గోడ మీద కాగితంలో నా పేరు, దాని కింద వక్త అన్న మాట, ముందు వరసలో రిటైరైన ప్రొఫెసర్లు తలలాడిస్తూ ఉండటం, అన్నీ అప్పుడే కళ్ళకు కట్టాయి. పెద్ద సంచీ నిండా బంకమట్టి కొన్నాను. రెల్లు దొరక్క, చైనీస్ హోటల్లో తినడానికి ఇచ్చే నలుచదరపు పుల్లలు పోగుచేశాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టమని, సుమేరు వైభవం గురించి మూడు పేరాలు రాసి బావకిచ్చాను. "గింత పొడుగు ఎవడు సదువుతడు," అని అతను దాన్ని కుదించి పంపాడు: శనివారం లైబ్రరీలో పిల్లలకు మట్టి ఫ్రీ.

సోమవారం వినాయక చవితి అన్న సంగతి నాకు తట్టలేదు. (అయిదు వేల ఏళ్ళ కిందటి పండుగలు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.)

శనివారం గది కిటకిటలాడిపోయింది. ప్రాచీన నాగరికత మీద మనవాళ్ళకు ఇంత ప్రేమ ఉందా అని నా గుండె పొంగింది. మా పై అంతస్తు ఆంటీ మనవణ్ణి వెంటబెట్టుకుని, చేతిలో కాగితం గొడుగుతో, చిన్న డబ్బాలో మిరియాలతో వచ్చింది. మిరియాలు కళ్ళకట.

"బాబూ, మావాడికి మట్టి కాస్త ఎక్కువ పెట్టు. పోయినేడు తొండానికి చాలలేదు."

"ఆంటీ, ఇది సుమేరు నాగరికత గురించి..."

"చెప్పు నాన్నా, నువ్వు చెబుతూ ఉండు. వాళ్ళు చేసుకుంటూ ఉంటారు."

నేను చెబుతూనే ఉన్నాను, వాళ్ళు చేసుకుంటూనే ఉన్నారు. మొదటి స్లైడు దాటేసరికి బల్లల మీద బొజ్జలు లేచాయి. రెండో స్లైడుకు చెవులు. రెండు జడల పిల్ల ఒకతె చెయ్యెత్తింది. నా ఉపన్యాసంలో వచ్చిన మొదటి సందేహం కదా, ఆశగా చూశాను.

"అంకుల్, ఎలుక కంపల్సరీనా?"

(ఇరవై ఆరేళ్ళవాణ్ణి పట్టుకుని అంకుల్.)

"ఎలుక కాదమ్మా, గొర్రె. ఇదిగో, సున్నా చుట్టి లోపల ప్లస్ పెడితే వాళ్ళకు గొర్రె."

"గణేశాకి షీప్ ఉండదు అంకుల్," అని జాలిగా చెప్పింది.

మూడో స్లైడు దగ్గర తగాదా మొదలైంది. వినాయకుడన్నాక నైవేద్యం ఉండాలి కదా, మిగిలిన మట్టితో ఉండ్రాళ్ళు చేశారు. అవి దొర్లి కలిసిపోయాయి. "ఇవి నా గణేశావి." "నో, నావి." ఆంటీ మనవడు రెండు దొంగిలించాడని ఒక అభియోగం. "బాబూ, గోళీలు చేయకండి, మట్టి పాడైపోతోంది, పలకలు చేయండి," అని నేను బతిమాలుతున్నాను. రెండు జడల పిల్ల నన్ను పట్టించుకోకుండా మట్టి ముద్దను అరచేత్తో అప్పడంలా అణిచి, పుల్ల తీసుకుని నొక్కడం మొదలుపెట్టింది. "ఇది నీ గణేశా, పక్కన నీ ఉండ్రాళ్ళు. ఇది నాది. నౌ నో చీటింగ్." మిగతా పిల్లలు మూగి, మాకూ రాయి, మాకూ రాయి అని గోల.

"ఆ పుల్లలు నేను చెప్పినప్పుడే ముట్టుకోవాలని చెప్పానా లేదా?" అని కసిరాను. తెర మీద అప్పటికి సుమేరు వాళ్ళ ఉరుక్ నగరం బొమ్మ వెలుగుతోంది. ఒక్కరూ దానివైపు చూడలేదు. నా సాయంత్రం, నా ప్రొఫెసర్లు, అంతా ఆ బొజ్జల కింద నలిగిపోయిందనుకున్నాను.

గంట ముగిశాక లైబ్రేరియనమ్మ నా దగ్గరికి వచ్చింది. క్షమాపణ నాలుక చివరిదాకా వచ్చి ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ముందు గోళీలు, తర్వాత తగాదా, తర్వాత పలక మీద దేవుడి ఆస్తి లెక్క. మీరు నాకు చెప్పిన చరిత్రంతా వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టేలా చేశారు. మధ్యలో విసుక్కుంటున్నట్టు మీరు నటించారే, అది మాత్రం అద్భుతం."

నేనప్పుడు మొదటిసారి బల్ల వైపు చూశాను. అప్పడంలాంటి పలక మీద వినాయకుల గుర్తులు, ఒక్కోదాని పక్కన ఉండ్రాళ్ళ లెక్క, వరసగా నొక్కి ఉన్నాయి.

"మరి పెద్దవాళ్ళ సాయంత్రం?" అని మెల్లగా అడిగాను.

"పెద్దవాళ్ళకు చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు," అంది ఆవిడ. "మిమ్మల్ని వాళ్ళ మీద వృథా చేయను."

మట్టి సంచీ మోయడానికి నాతో వచ్చి అంతా చూసిన బావ, తిరుగుదారిలో కారులో అన్నాడు. "గోళీలు జేసిన్రు, లెక్క రాసిన్రు, దేవునికి వెట్టిన్రు. నువ్వు రోజూ నా తల తినేది గదే గద. మరి గంత లొల్లి ఎందుకు వెట్టినవ్?" వంకాయలు తరుగుతూ కూడా అతను అంతా విన్నాడన్నమాట.

ఆ తర్వాత ప్రతి ఏడూ చవితి ముందు శనివారం లైబ్రరీలో మట్టి నాదే. ఈ చుట్టుపక్కల నన్ను మట్టి అంకుల్ అంటారు, ఇప్పుడా పిలుపు వయసుకు కూడా సరిపోయింది. పెద్దవాళ్ళ సాయంత్రం మాత్రం నేటికీ రాలేదు. ఒక్కోసారి పిల్లలు ఉండ్రాళ్ళ కోసం కొట్టుకుంటుంటే, తెర దగ్గర చెమటలు కక్కుతున్న ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు నాకు కనిపిస్తాడు. భుజం తట్టి, స్లైడు ఆపి ఒక్కసారి బల్ల మీదికి చూడు నాయనా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదు. సందేహాలుంటే చివర్లో అడగండి, అంటాడు.